ఆయుధపూజ నాడు ఆపేసిన ఫ్రిజ్

మా ఆసుపత్రి ల్యాబులో ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి ఉంటుంది. నెలకొక కాగితం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపల చల్లదనం ఎంతుందో తలుపు మీది చిన్న మీటరులో చూసి గడి నింపాలి. రెండుకూ ఎనిమిదికీ మధ్యన ఉంటే మంచిది. ఆ పని నాకు అప్పజెప్పినారు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్నే గానీ అంకెలు బాగానే వస్తాయి. అయినా మీటరు చూసి రాసిన రోజులు తక్కువ. మా టెక్నీషియన్, "నాలుగు ఏసేయ్ అక్కా, దాంట్లో ఎప్పుడూ నాలుగే ఉంటాది" అన్నాడు. సరేనని నాలుగులే వేసుకుంటా పోయినాను. కుట్టుమిషన్ కుట్టినట్టు వరసగా నాలుగులు.

ఆ ఆసుపత్రి ఆదోనిలో. నేను ఆడ ఊడ్చడం, గాజు సామాను కడగడం, వార్డుల్లో తీసిన రక్తం సీసాలు ల్యాబుకు తెచ్చివ్వడం చేస్తాను. పరీక్షలన్నీ టెక్నీషియన్ ఒక్కడే చేస్తాడు. చేయి చురుకైన మనిషి. సూది గుచ్చితే చిన్నపిల్లలు కూడా ఏడ్చేలోపల అయిపోతుంది. ఎప్పుడైనా సీసా మీద పేరు చెరిగిపోతే నన్నే అడిగేవాడు.

"అక్కా, ఈ ఎర్రమూతది ఎవురిది?"

"పత్తికొండ నుంచి టమాటాలేసుకొని వచ్చి, బండి దిగతానే కళ్ళు తిరిగి పడినాడే, ఆయప్పది."

నేను చెప్పింది తప్పిన రోజు లేదు. మనిషి ముఖం, కట్టిన చీర, కూర్చున్న బెంచీ అన్నీ నాకు కళ్ళ ముందే ఉంటాయి. అది నాకు గొప్పగానే ఉండేది.

అట్లాంటి ల్యాబుకు క్వాలిటీ మేడం వచ్చింది. పరీక్షలు సరిగా చేస్తారని మా ల్యాబుకు ఒక సర్టిఫికెట్ తెచ్చుకోవాలని డాక్టరుకు ఆశ. దానికోసం కర్నూలు నుంచి ఈ మేడంను పిలిపించినాడు. ప్రతి గురువారం వస్తుంది. మా చిన్నకోడలంత వయసు. వచ్చిన మొదటివారమే నేను టమాటాల ఆయప్ప కథ చెప్తే ఆమె నవ్వలేదు. "అమ్మా, మీరొకరోజు జ్వరమొచ్చి రాకపోతే ఆయన రక్తం ఎవరిదైపోతుంది?" అని అడిగింది.  అప్పట్నుంచి ప్రతి సీసాకు పేరు, నంబరు, తీసిన టైము. ప్రతి పనికీ ఒక కాగితం. టెక్నీషియన్‌కు విసుగు పుట్టింది. "పరీక్షలు సేయమంటాదో, కాగితాలు రాయమంటాదో ఏదో ఒకటి తేల్చమను అక్కా" అని ఆమె పోయినాక గొణిగేవాడు. నేను కూడా నవ్వేదాన్ని.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మధ్యాహ్నానికే పని ముగించి ల్యాబంతా కడిగినాను. పరీక్షలు చేసే మిషన్‌కు, రక్తం గిరగిరా తిప్పే డబ్బాకు, మైక్రోస్కోపుకు, ఫ్రిజ్‌కు పసుపు కుంకుమ పెట్టి మామిడాకులు కట్టినాను. టెక్నీషియన్ టెంకాయ కొట్టి, బొరుగులు బెల్లం అందరికీ పంచి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయినాడు. తలుపు వేసేది నేనే.

మాది యెమ్మిగనూరు. మా నాయన మగ్గం నేసేవాడు. ఆయుధపూజ చేసినాక పండగ దాటేదాకా మా ఇంట్లో మగ్గాన్ని ఎవురూ తాకకూడదు. ఏడాదంతా కొట్టించుకుంటాది, దానికి మాత్రం ఒళ్ళునొప్పులుండవా అనేవాడు. ఆ మాట నా ఒంట్లో ఎంత దిగిపోయిందంటే, ఆ రోజు ఒక్కొక్క మిషన్‌కూ దండం పెట్టి ఒక్కొక్క స్విచ్చూ ఆపుకుంటా వచ్చినాను. ఫ్రిజ్ స్విచ్చు కూడా. అది విశ్రాంతి తీసుకునే వస్తువు కాదని నాకు ఆ క్షణంలో తట్టలేదు. తలుపుకు తాళమేసి తృప్తిగా ఇంటికి పోయినాను.

మర్నాడు ల్యాబుకు సెలవు. ఆ మరుసటి పొద్దున వచ్చి చూస్తే ఫ్రిజ్ కింద నీళ్ళు మడుగు కట్టినాయి.  స్విచ్చేసి, నీళ్ళు తుడిచి, టెక్నీషియన్ వస్తానే ఉన్నదున్నట్టు చెప్పినాను. అతను ఫ్రిజ్ తెరిచి షుగర్ పరీక్షకు వాడే మందు సీసాలు చేత్తో తాకి చూసినాడు. గోరువెచ్చగా ఉన్నాయి.

"ఎంత పని సేసినావక్కా" అన్నాడు. కోపంగా కూడా కాదు. బయట పండగ మరుసటి రోజు జనం, బెంచీలు నిండిపోయి గోడ పొడుగునా నిలబడినారు. కొత్త మందు కర్నూలు నుంచి రావాలంటే రెండు రోజులు.

రోజూ పొద్దున మొదట ఒక సీసా రక్తరసం మిషన్‌కిచ్చి చూస్తారు. దాంట్లో షుగర్ ఎంతుందో ముందే తెలిసి ఉంటుంది. అంతే చూపిస్తే మిషన్, మందు సరిగా ఉన్నట్టు. దాన్ని కంట్రోల్ అంటారు. ఆ పొద్దున రావలసినదానికంటే తక్కువ వచ్చింది. మళ్ళీ పెట్టినాడు. మళ్ళీ తక్కువే.

"కంట్రోల్ కూడా అదే ఫ్రిజ్‌లో ఉండె కదా. అదే సెడిపోయింటాది. మందు బాగానే ఉండాది" అన్నాడు. నాతో చెప్తున్నాడో, తనకు తానే చెప్పుకుంటున్నాడో తెలియలేదు. రిజిస్టర్లో రావలసిన అంకె వేసినాడు. "నువ్వు కూడా నాలుగులేసేయ్. మేడంతో మాత్రం అనొద్దు" అన్నాడు. వేసినాను. సెలవు రోజు గడుల్లో కూడా, మనిషే లేని రోజు గడుల్లో కూడా వేసినాను.

ఆ పొద్దునే ఒక గర్భిణీ వచ్చింది. ఏడో నెల, తొలి చూలు. వాళ్ళ ఊరి దగ్గర చూపిస్తే షుగర్ ఉన్నట్టుంది, పెద్దాసుపత్రిలో సరిగా చూపించుకోమన్నారట. వెంట అత్త వచ్చింది. గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటలు కూర్చోబెట్టినాము. ఆ రెండు గంటలూ అత్త నాతో మాటల్లో పడింది. మొదటి రెండు బోర్లు ఎండిపోయి మూడోదాంట్లో నీళ్ళు పడినాయని, అప్పట్నుంచి ఊళ్ళో తమను మూడో బోరోళ్ళు అంటారని నవ్వింది. కోడలికి తీపంటే ఇష్టం, షుగర్ లేదంటే ఈ సాయంత్రమే బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి పెడతానంది. రిపోర్టు వచ్చింది. షుగర్ లేదు. డాక్టరు భయమేమీ లేదన్నాడు. ఆ అత్త పోతా పోతా నా చేయి పట్టుకొని, "నీ చేతి సలవ తల్లీ" అనింది. నేను చేయి విడిపించుకొని సీసాలు కడగడానికి లోపలికి పోయినాను.

గురువారం మేడం వచ్చింది. ఫ్రిజ్ కాగితం చూసింది. నాలుగులన్నీ చూసింది. మీటరు కింద ఉన్న ఒక చిన్న బొత్తాం నొక్కింది. ఆ బొత్తాం ఎందుకుందో అంతవరకూ మా ఇద్దరికీ తెలియదు. పోయినసారి మేడం చూసి పోయినప్పట్నుంచి ఫ్రిజ్ ఎక్కువలో ఎక్కువ ఎంత వేడెక్కిందో అది దాచిపెట్టుకుంటుందట. ముప్పై ఒకటి అని కనిపించింది.

"ఇదేంటి?" అని అడిగింది.

"పండగ రోజు కరెంటు పోయిండె మేడం. ఒక గంట" అన్నాడు టెక్నీషియన్.

"ఒక గంటకు ముప్పై ఒకటి రాదు."

"రెండు గంటలుండొచ్చు."

అతను నన్ను చూడలేదు. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం. ఇద్దరు ఆడపిల్లలు. నేను నోరు మూసుకుంటే రెండు గంటల కరెంటు కోతగా ముగిసిపోతుంది. మేడం రాసుకోవడానికి పెన్ను తీసింది. నా కళ్ళ ముందు ఆ గర్భిణీ కూర్చున్న బెంచీ కనిపించింది. గ్లూకోజ్ తాగలేక ముక్కు పట్టుకొని మింగింది ఆ పిల్ల.

"కరెంటు పోలేదు మేడం. నేనే ఆపినాను. రెండు రాత్రులూ మధ్యలో పగలూ ఆగే ఉండె" అన్నాను.

ఎందుకు ఆపినావని అడిగితే మగ్గం సంగతి చెప్పినాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండు. పెన్ను కింద పెట్టి, "ఆ రోజు నుంచి ఎంతమందికి షుగర్ చేసినారు?" అని మాత్రం అడిగింది. అప్పుడు టెక్నీషియన్ తానే లేచి రిజిస్టర్ తెచ్చి, కంట్రోల్ తక్కువ వచ్చిన సంగతి కూడా చెప్పినాడు. 

మందంతా పారబోసినారు. కొత్తది వచ్చినాక, ఫోన్ నంబరున్న వాళ్ళందర్నీ పిలిపించి మళ్ళీ పరీక్ష చేసినారు. కొందరికి ముందుకంటే బాగా ఎక్కువ వచ్చింది. ఆ గర్భిణీకి మాత్రం ఫోన్ నంబరు లేదు. రిజిస్టర్లో ఒక పేరు, నందవరం అని ఒక ఊరు. అది అమ్మవారి పేరు, మా పక్క ఆడవాళ్ళలో సగం మందికి అదే ఉంటుంది. నందవరమంటే ఒక ఊరు కూడా కాదు, చుట్టుపక్కల పల్లెలన్నీ నందవరమే అని రాయిస్తారు.

"నేను పోయి పిల్చుకొస్తా మేడం" అన్నాను.

మర్నాడు పొద్దున బస్సుకు యెమ్మిగనూరు పోయి, ఆడ ఆటో పట్టుకొని నందవరం దిగినాను. మూడో బోరోళ్ళు యాడుంటారని అడుక్కుంటా పోయినాను. రెండు పల్లెల్లో తెలియదన్నారు. మూడో పల్లెలో పత్తి గోతాలకెత్తుతున్న ఒకాయన చేయి చూపించినాడు.

అత్త నన్ను చూసి సంబరపడింది. మంచం వాల్చి నీళ్ళిచ్చింది. ఎట్లా చెప్పాలో తెలియక నీళ్ళు తాగి చెంబు చేతిలోనే పెట్టుకున్నాను.

"ఏమక్కా, ఈ పక్క సుట్టాలున్నారా?"

"లేదమ్మా. నీ కోడలి రిపోర్టు తప్పు. మా ఫ్రిజ్ ఆగిపోయి మందు చెడిపోయిండె. ఆపింది నేనే. మళ్ళీ చూపించాల."

ఆమె నా చేతిలోని చెంబు తీసుకొని కింద పెట్టింది.

"వారం నుంచి దానికి దినాం ఓళిగలు సేసి పెడతాండాను. నా చేతుల్తో. వద్దత్తా అంటాంటే బలవంతంగా పెడతాండాను" అనింది.

"తెలుసమ్మా."

"ఏం తెలుసు నీకు? సీసాలు కడిగేదానివి, ఫ్రిజ్ కాడ నీకేం పని? మేము రెండు ఆటోలు, ఒక బస్సు మారి వస్తిమి. ఆ రిపోర్టు దేవుని పటం కాడ పెట్టుకుంటిమి."

అన్నీ విన్నాను. లోపల్నుంచి కోడలు వచ్చి గడప దగ్గర నిలబడింది. కాళ్ళు వాచి ఉన్నాయి. "దప్పిక ఎక్కువైందత్తా అని నేను సెప్తానే ఉంటి కదా" అనింది మెల్లగా. అంతే, అత్త ఇంట్లోకి పోయి చెప్పులేసుకొని బయటికొచ్చింది.

ముగ్గురం ఒకే బస్సులో ఆదోని వచ్చినాము. అత్త నాకు దూరంగా, ముందు సీటులో కోడలి పక్కన కూర్చుంది. ల్యాబులో టెక్నీషియన్ పేరు అడిగి, భర్త పేరు, వయసు, ఊరు అడిగి, ఆ పిల్ల ఎదురుగానే సీసా మీద రాసినాడు. కంట్రోల్ రెండుసార్లు పెట్టి చూసుకున్నాకనే ఆ రక్తం పెట్టినాడు. షుగర్ ఉంది. బాగా ఉంది. ఆ రోజే వార్డులో చేర్చుకొని ఇన్సులిన్ మొదలుపెట్టినారు. బిడ్డ బరువు కొంచెం ఎక్కువగానే ఉంది, జాగ్రత్తగా చూసుకోవాల అన్నాడు డాక్టరు. ఆ వారం రోజుల ఓళిగల వల్ల ఎంత పెరిగిందో ఎవురూ చెప్పలేదు. అత్త అడిగింది కూడా.

ఇట్లాంటి తప్పుకు ఒక కాగితముంది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం చేసినారు, చివర ముగిసిందా అని ఒక గడి. మేడం నేను చెప్పింది చెప్పినట్టే తెలుగులో రాసి, కింద నా సంతకం, టెక్నీషియన్ సంతకం పెట్టించుకుంది. అతన్ని పనిలోనుంచి తీయలేదు. చానా రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. ఫ్రిజ్ ప్లగ్గుకు మాత్రం తానే టేపు చుట్టినాడు.

సర్టిఫికెట్‌కు చూడ్డానికి మనుషులు రాబోతున్నారు, ఆ కాగితం ముగించేయండి అని డాక్టరు తొందర పెట్టినాడు. మేడం నా దగ్గరికొచ్చి, "ఏమ్మా, ముగిసిందని రాద్దామా?" అని అడిగింది.

"ఆ పిల్ల కాన్పు కానీ మేడం" అన్నాను.

ఆమె పెన్ను మూత పెట్టేసింది. వచ్చినవాళ్ళు ఆ ఖాళీ గడి చూసి ఎందుకని అడిగితే ఉన్నదే చెప్పిందట.

ఆ పిల్ల పదిహేను రోజులకొకసారి వస్తుంది. అత్త ఇప్పుడు నాతో ఒకటి రెండు మాటలు మాట్లాడుతుంది. కాన్పుకు ఇంకా నెల ఉంది. గురువారం గురువారం మేడం ఆ కాగితం తీసి, నా పక్క చూసి, మళ్ళీ ఫైల్లో పెట్టేస్తుంది.