ఆ మాట బయటపెట్టింది కామేశ్వరి గారు కాదు

పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే చెక్క వాసన ఇప్పటికీ నాకు పడదు. నిన్న మా రక్తపరీక్షల కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి పెన్సిల్ చెక్కుకుంటుంటే లేచి బయటికి వచ్చేశాను. అది కామేశ్వరి గారి బల్ల దగ్గర ఉండే వాసన. ఆవిడ పోయి రెండు నెలలైంది. రామచంద్రపురంలో ఇవాళ్టికీ ఆవిడ పేరెత్తితే, "మంచావిడే గానీ, పేషెంటు గుట్టు బయటపెట్టిందట" అంటారు. బయటపెట్టింది ఆవిడ కాదు, నేను. చెప్పవలసిన వాళ్ళకి ఆ సంగతి నాలుగేళ్ళు చెప్పకుండా దాచాను.

ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాక మా కేంద్రానికి వచ్చారు. రక్తం తీయడం నా పని, ముందు కూర్చోబెట్టి మాట్లాడడం ఆవిడ పని. వంశంలో వచ్చే జబ్బుల పరీక్షకి ఎవరొచ్చినా తెల్లకాగితం మీద మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా గీసి, జబ్బు వచ్చినవాళ్ళ గడి నల్లగా నింపేవారు. ఎప్పుడూ పెన్సిలే. "మనవాళ్ళు మూడోసారి అడిగితే గానీ చుట్టాలందర్నీ చెప్పరయ్యా. చెరపడానికి వీలుండాలి" అనేవారు. నాకు పని నేర్పింది ఆవిడే. "సూది గుచ్చడం ఎవడైనా నేర్చుకుంటాడు సూరిబాబూ. గుచ్చాక నోరు మూసుకోవడం, అదీ మన ఉద్యోగం" అని మొదటి రోజే చెప్పారు.

వీర్రాజు గారు మా ఊరి పక్క పల్లెలో రైతు. ఆయన చెల్లెలికి రొమ్ము క్యాన్సర్ వస్తే, అది వంశంలో దిగే రకమనీ, అన్నదమ్ములూ వాళ్ళ పిల్లలూ పరీక్ష చేయించుకోవాలనీ ఆమెకి వైద్యం చేసిన డాక్టర్లు చెప్పారట. చిన్నకూతురు శిరీషని తీసుకుని వచ్చారు.

"మీ ఇంట్లో ఇదివరకు ఎవరికైనా వచ్చిందాండి?" అని అడిగారు కామేశ్వరి గారు.

"అబ్బే, మా ఇంటా వంటా లేదండి."

"మరి మీ చెల్లెలుగారు?"

"అది పెళ్ళయి వెళ్ళిపోయింది కదండీ. ఇంటిపేరే మారిపోయింది."

"ఇంటిపేరు మారితే రక్తం మారుతుందాండి? మీ మేనత్తల సంగతి కూడా చెప్పండి. నాకు తొందరేం లేదు."

ఆయన చాలాసేపు తువ్వాలు మెలిపెట్టుకుంటూ కూర్చున్నారు. చివరికి ఒక మేనత్త చిన్నవయసులోనే రొమ్ములో గడ్డతో పోయిందని, బయటికి పొక్కకుండా కడుపునొప్పి అని చెప్పుకున్నారని అన్నారు. కామేశ్వరి గారు రెండో సున్నా కూడా నల్లగా నింపారు. ఆ రెండు సున్నాల నుంచి శిరీష దగ్గరికి వచ్చే గీత వీర్రాజు గారి చదరంలోంచి వెళుతోంది. సిరంజి పట్టుకుని నిలబడ్డ నేను నిర్ఘాంతపోయాను. ఈ జబ్బు తల్లివైపు నుంచే వస్తుందని అన్నాళ్ళూ నేనూ అనుకునేవాణ్ణి.

"మగాణ్ణి కదండీ, నాలోంచి ఎలా దిగుతుంది?" అన్నారాయన, మొహం పాలిపోయి.

"మీ కాలవకి లస్కరు ఉన్నాడా?" అని అడిగారు ఆవిడ.

"ఆయ్, ఉన్నాడండి. గట్టుకి గండి పడకుండా చూసుకుంటాడు."

"మన ఒంట్లో కణాలకీ రోజూ చిన్నచిన్న గండ్లు పడతాయి. వాటిని పూడ్చే జన్యువులు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి తల్లి నుంచైనా, తండ్రి నుంచైనా దెబ్బతిని రావచ్చు. అలాగని గండి పడి తీరుతుందని కాదండి. పడితే పూడ్చే చెయ్యి ఒకటి తక్కువ. అందుకని మనమే తరచూ గట్టు మీద నడిచి చూసుకోవాలి. వేళకి స్కానింగులు చేయించుకోవాలి. అంతే."

శిరీషకి ఆ లోపం ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు మాట్లాడాక, కామేశ్వరి గారు తలుపు మూసి, ఆ కాగితం ఆమె చేతిలో పెట్టి, "ఇది నీది. ఎవరికి చెప్పాలో నువ్వే చెప్పాలి" అన్నారు. తలుపు బయటున్న నాకు వాళ్ళిద్దరి మాటలూ వినపడ్డాయి. పాలకొల్లులో కాపురముంటున్న ఆమె అక్క పద్మ మరుసటి నెల పరీక్షకి రావాలని అనుకున్నారు.

ఈలోగా శిరీషకి సంబంధం వచ్చింది. మా ప్రాంతంలో సంబంధం అనుకోగానే విచారణకి మగపెళ్ళివారి తరఫున ఒక మనిషి బయల్దేరతాడు. ఈసారి బయల్దేరినాయన మా ఆవిడ మేనమామ. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నన్ను లెక్కచేయని మనిషి, ఆ రోజు మా కేంద్రం ఎదుట టీ కొట్టులో నాకోసం కుర్చీ తుడిచి మరీ వేశాడు.

"అల్లుడుగారూ, ఆ పిల్ల మీ దగ్గరికి వచ్చిందట. ఏంటి సంగతి?"

"ఏం లేదండి మావయ్యగారూ."

"ఏం లేనిదానికి పరీక్షలెందుకయ్యా? మనవాళ్ళు రేపు మునిగిపోతే నీకు బాగుంటుందా?"

"చెప్పకూడదండి."

"అంటే ఉందన్నమాట."

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. రాలేదు. ఆయన నా వైపు వంగి వినడం నాకు బాగుంది. "వాళ్ళ మేనత్తకి వచ్చిందే, ఆ పిల్లకీ రాసిపెట్టి ఉందండి" అనేశాను.

నాలుగు రోజులకి సంబంధం పోయింది. ఐదోరోజు వీర్రాజు గారు వచ్చి, హాలునిండా జనం చూస్తుండగా కామేశ్వరి గారి బల్లమీద చరిచారు. "మీ ఇంటి ఆడపిల్లయితే ఇలాగే ఊరంతా చాటింపు వేయిస్తారాండి?"

ఆవిడ నా వైపు ఒక్కసారి చూశారు. నేను ముందే సర్దిన ట్యూబులని మళ్ళీ సర్దుతున్నాను.

"కాగితం నా చేతిమీదుగా వెళ్ళిందండి. తప్పు నాదే" అన్నారు.

"మా ఇంట్లో ఇంకెవరూ సూది పొడిపించుకోరు" అని ఆయన వెళ్ళిపోయారు. పద్మ పరీక్ష అక్కడితో ఆగిపోయింది. ఆ వారమే మా యజమాని కామేశ్వరి గారిని ఇక రావద్దన్నారు.

మూడేళ్ళ తరవాత ఒక ఉదయం, స్కానింగుల సంచీతో ఒకామె నా ముందు కూర్చుంది. చీటీమీద పేరు, తండ్రి పేరు రెండుసార్లు చదివాను. పద్మ.

"గడ్డ చంకలోకి కూడా పాకిందన్నారండి" అంది, నేను అడక్కుండానే. "అప్పట్లో ఏదో టెస్టు చేయించుకోవాల్సింది. మా చెల్లి పేరు అల్లరైందని నాన్న వద్దన్నారు."

సూది గుచ్చితే నరం తప్పింది. ఇన్నేళ్ళ సర్వీసులో అలా తప్పడం నాకు గుర్తులేదు.

"పర్లేదండి, ఇంకోసారి గుచ్చండి" అని ఆమే నాకు ధైర్యం చెప్పింది.

ఆ ఆదివారం రాజమండ్రి వెళ్ళాను. కామేశ్వరి గారు తమ్ముడి ఇంటి వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్నారు. "మేడమ్, ఆ రోజు..." అని మొదలుపెట్టానో లేదో, "తెలుసు" అన్నారు. "నీ మొహమే చెప్పింది."

"మరి నా పేరెందుకు చెప్పలేదండి?"

"నా దగ్గర పని నేర్చుకున్నవాడివి. నీకు నేర్పలేకపోయింది నేనేగా." ఇంకో చిక్కుడుకాయ తుంచి, "చెప్పడం ఒక తప్పు. ఆ పిల్లకి రాసిపెట్టి ఉందన్న మాట ఊరంతా పాకింది చూడు, అది అంతకంటే పెద్ద తప్పు. రాసిపెట్టి ఉండేదైతే ఇక పరీక్ష ఎందుకయ్యా?" అన్నారు.

"క్షమించండి."

"నన్నడగడానికి ఇంతదూరం వచ్చావా? వీర్రాజు గారిల్లు మీ ఊరికి రెండు కిలోమీటర్లేగా!"

వెళ్తానని చెప్పి వచ్చాను. పదకొండు నెలలు వెళ్ళలేదు. ఆవిడ గుండెపోటుతో పోయారని ఫోను వచ్చింది. చివరిచూపుకి వెళితే, అక్కడ కూడా ఎవరో వెనకనుంచి ఆ మాటే గుసగుసగా అన్నారు. అప్పటికీ నా నోరు లేవలేదు. మర్నాడు పొద్దున్నే వీర్రాజు గారింటికి వెళ్ళాను.

అరుగుమీద పద్మ తలకి గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. వీర్రాజు గారు కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "ఆవిణ్ణి అన్ని మాటలు అన్నానయ్యా. ఇప్పుడెవరి దగ్గరికి వెళ్ళి వెనక్కి తీసుకోను?" అన్నారు.

పద్మ నా మొహం చూడకుండా ఫోను తీసి ఎవరికో కలిపింది. "మాకు చెప్పారు, బాగానే ఉంది. మా చెల్లికి ఎవరు చెప్తారండి?" అంటూ ఫోను నా చేతికిచ్చింది. అవతల శిరీష "హలో, హలో" అంటోంది. మా కేంద్రంలో మూసిన తలుపు వెనక విన్న గొంతే.

"అమ్మా, నేను సూరిబాబునండి, మీకు రక్తం తీసినవాణ్ణి. మీ విషయం విచారణకొచ్చిన ఆయనకి చెప్పింది నేనే. కామేశ్వరి గారు కాదు. తెలిసే చెప్పాను, గొప్పకి చెప్పాను. నన్ను క్షమించండమ్మా."