మొఘల్‌పురాలో ఆలస్యంగా విన్న మాట

కాజీపేటలో ఉదయం ఆరున్నరకు రైలెక్కాం. ఆదివారం కావడంతో జనరల్ పెట్టెలో కూడా కూర్చోవడానికి చోటుంది. అమ్మకు కిటికీ పక్కన దొరికింది. సికింద్రాబాద్‌లో దిగి, పాతబస్తీలోని మొఘల్‌పురాకు వెళ్లి, పని చూసుకుని సాయంత్రం బండికి తిరిగి రావాలన్నది మా ఏర్పాటు.

ఆ పని ఏమిటో మాకే సరిగ్గా తెలియదు. వారం కిందట సత్తన్న ఫోన్ చేశాడు. నేను హైదరాబాద్ శిక్షణ శిబిరంలో ఉన్నప్పుడు మా అందరి కాళ్లకు మాలిష్ చేసిన మనిషి. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గొంతు వినడం.

"శోభమ్మా, నీకొక ముచ్చట చెప్పేదుంది. ఫోన్‌ల చెప్పేది కాదు. నాకు నడవరాదు, నువ్వే ఒక్కపారి రా. అమ్మను గూడ తోల్కరా" అన్నాడు.

జనగామలో ఎక్కిన ఒకావిడ పూలగంప కాళ్ల దగ్గర పెట్టుకుని అమ్మతో మాట కలిపింది. బిడ్డ ఏం చేస్తదని అడిగింది.

"బడిల ఆటల టీచరు. ముందుగాల ఉరికేది. దేశం తరఫున పోయింది" అంది అమ్మ.

"మరి ఇప్పుడు ఉరుకదా?"

"ఇడిసిపెట్టింది."

అంతటితో అమ్మ కిటికీ వైపు తిరిగింది.

నేను పరుగెత్తింది వంద మీటర్ల హర్డిల్స్. హనుమకొండలో బడి మైదానంలో మొదలుపెట్టి, స్పోర్ట్స్ హాస్టల్ మీదుగా హైదరాబాద్‌లోని జాతీయ శిబిరం దాకా వెళ్లాను. హర్డిల్ మీదుగా దూకుతామని చూసేవాళ్లు అనుకుంటారు. నిజానికి దూకితే వెనకబడతాం. దాన్ని పరుగులో ఒక అంగలాగా దాటాలి, కాలు వీలైనంత త్వరగా నేల తాకాలి. నాకది బాగా పట్టుబడింది. థాయ్‌లాండ్‌లో జరిగిన ఆసియా స్థాయి పోటీలో మూడో స్థానం వచ్చింది. మెడల్ మెడలో ఉండగానే శాంపిల్ తీసుకున్నారు. అందులో నిషేధిత మందు ఉందని నెల తర్వాత నోటీసు వచ్చింది. మెడల్ వెనక్కి తీసుకున్నారు. రెండేళ్ల నిషేధం. రావాల్సిన రైల్వే ఉద్యోగం రాలేదు. నిషేధం తీరాక మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లాను గాని, మొదటి హర్డిల్ దగ్గరకు రాగానే అడుగు తడబడేది. రెండు సీజన్లు చూసి మానేశాను.

సికింద్రాబాద్‌లో తొమ్మిదికల్లా దిగాం. స్టేషన్ ఎదుట బండి మీద ఇడ్లీ తిని, చార్మినార్ వెళ్లే సిటీ బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టే. కోఠి దాటేదాకా బస్సు బాగానే నడిచింది. అఫ్జల్‌గంజ్ దగ్గర నిలబడిపోయింది. ఆ దారిన వెళ్లేవారు అక్కడే దిగి ఆటో చూసుకోవడం మేలు. మేమూ అదే చేశాం.

దిగగానే అమ్మ అటూ ఇటూ చూసి, "ఉస్మాన్‌గంజ్ ఈడనే గద?" అంది.

అవునన్నాను. రెండు వీధుల అవతల.

"మీ బాపు సామానంత ఈడనే కొంటుండె."

నాన్నను మేము బాపు అనేవాళ్లం. బస్సు డిపోలో మెకానిక్. నేను శిబిరంలో ఉన్నన్ని రోజులూ నెలకోసారి హైదరాబాద్ వచ్చి, ఉస్మాన్‌గంజ్‌లో అశ్వగంధ, ఖర్జూరం, బాదం కొని, ఇంటికి తీసుకెళ్లి నేతిలో బెల్లంతో లేహ్యం చేసేవాడు. మళ్లీ సీసాతో వచ్చి శిబిరం గేటు దగ్గర నా చేతికిచ్చేవాడు. పట్టుబడ్డాక, ఆ మందు ఒంట్లోకి ఎలా వచ్చిందో కారణం చూపకపోతే నాలుగేళ్ల నిషేధం పడుతుందని వకీలు చెప్పాడు. బాపు వెంటనే, "నా లేహ్యం మీద రాయుండ్రి సార్" అన్నాడు. ఢిల్లీ వచ్చి విచారణలో అదే చెప్పి సంతకం పెట్టాడు. శిక్ష సగమైంది. నన్ను కాపాడటానికి చెప్పిన మాటే తర్వాత ఆయన నిజంగా నమ్మాడు. బజారులో కొన్న పొడిలో ఏదో కలిసి ఉంటుందనేవాడు. కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. కరోనా తర్వాతి ఏడాది పోయాడు.

ఆటో అతను "మొఘల్‌పురానా? బైఠో అమ్మా" అని, నయాపూల్ దాటించి, చార్మినార్ దగ్గర రద్దీ తప్పించుకుంటూ సందుల్లోంచి తీసుకెళ్లాడు. పదకొండుకు సత్తన్న ఇంటి ముందు దించాడు.

రెండు గదుల ఇల్లు. గోడకు సత్తన్న పడుచుతనపు ఫొటో ఉంది, తాలీంలో లంగోటీతో, భుజాన గద పెట్టుకుని. మాలిష్ ఆయన నేర్చింది ఆ కుస్తీ తాలీంలోనే. ఆ ఫొటో కింద మంచం మీద, కాళ్లు వాచి, సగమైపోయి కూర్చున్నాడు. వాళ్లావిడ పోచమ్మ చాయ్ తెచ్చిపెట్టి గుమ్మం దగ్గర నిలబడింది.

"మీ కోచ్ సార్ పోయిండు, తెలుసా?" అన్నాడు సత్తన్న.

పేపర్లో చూశానన్నాను.

"గాయన ఉన్నన్ని దినాలు నోరు తెరువకపోతి. మాలిష్ అయినంక మీకు పాలల్ల పొడి కలిపి ఇస్తుంటి, యాదికుందా?"

గుర్తుంది. ప్రొటీన్ పొడి అనేవాళ్లు. అందరం తాగేవాళ్లం.

"డబ్బా మీద అదే రాసుండె. లోపల సార్ ఏం కలిపిండో నాకు తెల్వది. నువ్వు పట్టుబడ్డవని ఫోన్ రాంగనే, డబ్బాలన్నీ మాయం చెయ్యమన్నడు. నేనే మూసీల పారేసిన. గప్పుడు సమజైంది."

నా చేతిలోని చాయ్ కప్పు కింద పెట్టాను. "మరి తక్కినవాళ్లు?" అన్నాను.

"అందరు తాగిన్రు. మెడల్ నీకొచ్చింది. శాంపిల్ నీదే తీసిన్రు."

నాతోపాటు పాలు తాగినవాళ్లలో ఇద్దరికి మంచి ఉద్యోగాలున్నాయి. వాళ్లకూ ఈ సంగతి తెలిసి ఉండదు. నాకు కోపం రావాలి. రాలేదు.

"ఎందుకు చెప్పలే అన్నా?"

"నౌకరీ పోతదని బిడ్డా. ఇంకేం లేదు." ఆయన తల వంచుకున్నాడు. "అదొక్కటే అయితే మిమ్ముల పిలవకపోదును. నోటీసొచ్చినంక మీ బాపు నా దగ్గరికొచ్చిండు."

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న అమ్మ ముందుకు జరిగింది.

"గేటు బయట నిలవడి అడిగిండు. 'అన్నా, నువ్వు తాలీం మనిషివి, లేహ్యాలు గిట్ల నీకెరుక. నా దాంతోనే గిట్లయిందా?' అని. డబ్బాలు పారేసి రెండు దినాలు గాలే. నేనేమో... 'ఏమో అన్నా, అయ్యుండొచ్చు' అన్న. చేతులు జోడించి పోయిండు. నాకు దండం పెట్టి పోయిండు తల్లీ."

గుమ్మం దగ్గర పోచమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అమ్మ అడిగింది. "కాదు అన్నా అని ఒక్క మాటంటే నీ నౌకరీ పోతుండెనా?"

"పోకపోతుండె" అన్నాడు సత్తన్న.

అమ్మ లేచి చెప్పులేసుకుంది. భోజనం చేసి వెళ్లమని పోచమ్మ నా చేయి పట్టుకుంది. "ఈ ముచ్చట మనసుల పెట్టుకుని ఈయన అన్నం తినకపోతుండె బిడ్డా. మాఫ్ చెయ్యమని అడుగను, ఏమనుకోకుండ్రి" అంది. ఇంకోసారి వస్తామన్నాను. ఆ మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

లాడ్ బజార్ దాకా నడిచాం. నా కూతురికి గాజులు తెస్తానని అమ్మ ముందే మాటిచ్చింది. దుకాణాయన డబ్బాలు తెరిచి, "దేఖో అమ్మా, నయా మాల్" అంటూ రంగురంగుల రాళ్ల గాజులు పరుస్తుంటే, అమ్మ మొదట చేతికి తగిలినవే కట్టించేసింది. బేరం కూడా ఆడలేదు. మధ్యాహ్నం మదీనా చౌరస్తా దగ్గర హోటల్లో కూర్చున్నాం గాని, పెరుగన్నం చెరో నాలుగు ముద్దలు తిని లేచాం.

సాయంత్రం నాలుగున్నర బండి కాస్త ఆలస్యంగా కదిలింది. మౌలాలి దాటాక అమ్మ నోరు విప్పింది.

"ఢిల్లీ కాయితాలల్ల మీ బాపు పేరున్నది గద?"

"ఉంది."

"అది తీపియ్యాలె."

నాకు దాంతో ఒరిగేదేమీ లేదు. ఆ మెడల్ మరో దేశపు అమ్మాయి ఇంట్లో ఉంది. నా కాళ్లు ఇక హర్డిల్ దాటవు. అయినా అక్కడినుంచే సత్తన్నకు ఫోన్ చేసి, ఇదే మాట ఢిల్లీలో చెబుతావా అని అడిగాను.

"నడవరాకున్న వస్త బిడ్డా. ఎవలతోనన్న ఎత్తిచ్చుకోని వస్త" అన్నాడు.

వస్తాడో లేదో, విచారణ మళ్లీ తెరుస్తారో లేదో చెప్పలేను. భువనగిరి దాటాక పెట్టెలో జనం పలచబడ్డారు. అమ్మ నా వైపు చూడకుండానే అంది:

"ఆ లొల్లి అయినంక మీ బాపు నీకు ఎన్నడన్న తన చేత్తోని అన్నం పెట్టిండా?"

ఆలోచించాను. పెట్టలేదు. అంతకుముందు నేను ఇంటికొస్తే కూర వడ్డించేది ఆయనే. శిబిరం వదిలి వచ్చేశాక, నేను పీట మీద కూర్చోగానే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. మంచినీళ్లు కూడా అమ్మతోనే ఇప్పించేవాడు. ఊళ్లో పరువు పోయిందని నా మీద కోపమనుకున్నాను. పెళ్లయ్యాక కూడా అలాగే అనుకున్నాను. ఆయన పోయిన రోజు కూడా.

"కోపం అనుకున్ననమ్మా" అన్నాను.

"కోపం గాదు బిడ్డా. నేనడిగితే, నా చెయ్యి మంచిది గాదే అన్నడు. నీకు చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు."

ఎన్నో దేశాల విమానాశ్రయాలు, స్టేడియాలు చూశాను. వాటిలో చాలావరకు ఇప్పుడు గుర్తు లేవు. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చిన ఈ చిన్న ప్రయాణం మాత్రం నన్ను వదిలేలా లేదు. కాజీపేట వచ్చేదాకా ఒళ్లో గాజుల పొట్లం పెట్టుకుని అమ్మ, ఆమె భుజానికి తల ఆనించి నేను, బాపు గురించే ఆలోచిస్తూ కూర్చున్నాం.