తోకవైపు పడిన కన్ను

దయ్యాల మాటెత్తితే నవ్వి లేచిపోయే రకాన్ని నేను. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం లేదు.

కంప్యూటర్‌తో బొమ్మలు గీయించే, పాటలు పలికించే పని నేర్చుకుంటూ మా మనవరాలు తెగ మురిసిపోతోంది. అలాంటి పనే పందొమ్మిది వందల అరవైల్లో కొల్లాపూర్‌లో నేను అట్టల మీద నేర్చుకున్నాను. జకార్డు మగ్గం అట్టలు చెప్పినట్టే వింటుంది. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. వరుసకో అట్ట. అన్నీ కలిపి కుట్టి మగ్గానికి వేలాడదీస్తే చీర అంచు మీద చిలకలు దిగుతాయి.

మాది కట్టంగూర్. కొల్లాపూర్‌లో నాకు తెలిసినవాళ్లు లేరు. కిరాయి గదిలో వండుకుని గోడను చూస్తూ తినేవాణ్ణి. పలకరించేది నాకు పని నేర్పే ఉస్తాదు తల్లి నర్సవ్వ ఒక్కతే. ఆమెకు చూపు లేదు. నేసిన అంచులన్నీ వేళ్లతో తడిమి చూసేది.

ఒకరోజు ఉస్తాదు నన్నే సొంతంగా ఒక అంచు గీసి అట్టలకు చిల్లులు కొట్టమన్నాడు. తప్పొస్తే ఊరికి పంపేస్తానని చెప్పి నూలు కోసం జడ్చర్ల వెళ్లాడు. నేను చిలకలు గీశాను. కుట్టేటప్పుడు కంగారులో రెండు అట్టలు తిరగేశాను. జానెడు నేశాక చూస్తే చిలక కన్ను తోకవైపు పడి ఉంది.

అప్పుడే నర్సవ్వ వచ్చి అంచు తడిమింది. చెయ్యి ఆగిపోయింది. లోపలికెళ్లి, నడుముకున్న తాళంచెవితో పెట్టె తీసి ఒక పాత చీర తెచ్చింది. నేను రాకముందే చనిపోయిన ఆమె చిన్నకొడుకు సాయిలు నేసినది. అతని అట్టల్ని అతనితోపాటే కాల్చేశారట.

అంచు నిండా నా చిలకలే. రెక్కకు అవే మూడు గీతలు. కన్ను తోకవైపే.

"మా సాయిలు గిట్లనే తప్పు కుట్టిండు బిడ్డా. జర దాన్ని సరిజేయకు," అంది.

నాకు భయమేసింది. సాయిలు అంటే కాదు, ఉస్తాదు అంటే. ఆమె వెళ్లగానే అట్టలు సరిచేసి, నేసిందంతా పోగు పోగూ విప్పి మళ్లీ నేశాను. ఉస్తాదు మెచ్చుకుని నన్ను ఉంచుకున్నాడు.

మర్నాడు ఆమె అంచు తడిమి, "పొయిండు," అంది. అంతే.

సిగ్గుతో చచ్చిపోయాను. ఉస్తాదు లేనప్పుడు ఆ రెండు అట్టలే మళ్లీ తిరగేసి నేశాను. కన్ను ముక్కు దగ్గర, ఉండాల్సిన చోటే పడింది. ఎన్నిసార్లు చేసినా అక్కడే. లెక్క ప్రకారం అలా పడకూడదు. ఎందుకు పడిందో ఇప్పటికీ చెప్పలేను. ప్రతిసారీ నర్సవ్వ పక్కన కూర్చుని తడిమి చూసి, తల అడ్డంగా ఊపేది.