బందెలదొడ్డిలో కారు

శుక్రవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. ఆత్మకూరులో టీ తాగి రోడ్డు మీదికి వచ్చేసరికి మా అల్లుడి కారు లేదు. నిలిపిన చోట నూనె మరక మిగిలింది. దాని పక్కనే 'ఇక్కడ బండ్లు నిలపరాదు' అని బోర్డు. నేను యాభై దాటాక, చిన్న కూతురి పాత వాచకాలతో అక్షరాలు నేర్చుకున్న మనిషిని. నాకు కనిపించిన బోర్డు, రెండు డిగ్రీలు చదివి పిల్లలకు పాఠాలు చెప్పే అల్లుడికి కనిపించలేదు. చెప్పాను కూడా. "అందరూ పెడతా ఉండారు మామా" అన్నాడు.

కారు పోతే నాకేం బాధ లేదు. వెనక సీటు మీద మా ఆవిడ గుడ్డసంచి ఉంది. అందులో, సోమశిల ముంపులో ఊరు పోయినందుకు మాకిచ్చిన ఇంటిస్థలం పట్టా ఉంది. అసలుది. పక్కింటివాడు ఆ స్థలం తనదంటున్నాడు. సాయంత్రం లోపల ఇక్కడి రెవెన్యూ ఆఫీసులో పట్టా చూపించడానికే ఉదయగిరి నుంచి వచ్చాం.

"సంచి చేత్తో పట్టుకుంటానంటే, ఎవురెత్తకపోతారత్తా అన్నాడు" అని మా ఆవిడ నాతో గొణిగింది, అల్లుడికి వినపడేటంత గట్టిగా.

బండ్లు ఎత్తుకుపోయే కాంట్రాక్టరు దొడ్డి ఊరి చివర ఉంది. రేకుల షెడ్డు, చుట్టూ ముళ్ళతీగ. చేలో పడిన గొడ్లను తోలుకొచ్చి కట్టేసే మా చిన్ననాటి బందెలదొడ్డి ఇంతకంటే శుభ్రంగా ఉండేది. గుమాస్తా తల ఎత్తకుండా ఒక కాగితం తోశాడు. అల్లుడు పెన్ను తీశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఏంది మామా, ఉత్త ఫార్మాలిటీ."

"చదివినావా?"

"చదివేదానికేముండాది?"

చదువుకున్నవాళ్ళ జబ్బే ఇది. చదవడం వచ్చు కాబట్టి చదవరు. నేను కూడబలుక్కుంటూ చదివాను. బండి, అందులోని వస్తువులన్నీ సరిగ్గా ముట్టినవి అని ఉంది. ముంపునాడు మాకున్న బావిని, చింతచెట్లను లేవని రాసిన నష్టపరిహారం కాగితం మీద చదవలేక వేలుముద్ర వేసిన వేలు నాది.

"ముందు తలుపు తియ్యి" అన్నాను.

"సంతకం పెట్టి చూసుకో పెద్దాయనా" అన్నాడు గుమాస్తా.

"బందెలదొడ్డి నుంచి బర్రెను విడిపించేటప్పుడు మా అవ్వ పలుపు చూసేది, గంట చూసేది, పొదుగు తడిమేది. ఆ తర్వాతనే వేలుముద్ర. కారుకి పొదుగు లేదు గానీ సీట్లుండాయి గదా."

వెనక నిలబడిన ఆటో ఆయన నవ్వాడు. "నేను పొదుగు చూడకుండా సంతకం పెట్టేసినా పెద్దాయనా. నా స్టెప్నీ లేదు."

గుమాస్తా విసుక్కుంటూ తలుపు తీశాడు. వెనక సీటు ఖాళీ. అల్లుడి మొహం తెల్లబడింది. సీట్లు, అద్దాలు, నాలుగు పక్కలా ఫోనులో ఫోటోలు తియ్యమన్నాను. పొద్దుటి నుంచి అతను చేసిన పనికొచ్చే పని అదొక్కటే. నేను బల్ల మీద కూర్చుని కాగితం తిప్పి, 'వెనక సీటులో గుడ్డసంచి లేదు' అని రాశాను.

"నీ పేరు, మీ నాయన పేరు చెప్పు" అన్నాను గుమాస్తాతో.

"నా పేరెందుకు?"

"ఇక్కడుండే అందరివీ రాస్తా ఉండా. నా రాత నిదానం. తొందర పెట్టమాక."

"నాది కూడా రాసుకో. దీర్ఘం మర్చిపోవద్దు" అన్నాడు ఆటో ఆయన.

మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి, మూల కుర్చీలో కూర్చున్న, బండ్లు ఎత్తుకొచ్చే క్రేన్ డ్రైవరు లేచాడు. అతని కింద మెత్తగా మడిచి మా సంచి.

"భద్రంగా ఉంటుందని పెట్టినా" అన్నాడు.

పట్టా నలిగింది, చిరగలేదు. అక్కడే నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాను. మూడు గంటలకు అది ఆఫీసు బల్ల మీద ఉంది.

దొడ్డి వదిలే ముందు, సంచి దొరికింది గదా, పేర్లు కొట్టెయ్యమని గుమాస్తా బతిమాలాడు. కొట్టెయ్యలేదు. వాటి కిందే సంతకం పెట్టి ఇచ్చాను. ఆ కాగితంలో ఉన్నవాళ్ళు వీళ్ళు: తల ఎత్తని గుమాస్తా, స్టెప్నీ పోగొట్టుకున్న ఆటో ఆయన, ఇంటి జాగా మీద కూర్చున్న క్రేన్ డ్రైవరు, మా ఆవిడ, నేను. అందరికంటే కింద, రెండు డిగ్రీల మా అల్లుడు.