నాగప్ప పళ్లెంలో సొరకాయ శావిగలు

1979 వానాకాలంలో నన్ను ఎమ్మిగనూరు పంచాయతీ సమితిలో గ్రామసేవికగా వేశారు. మండలాలు ఇంకా రాలేదు. సమితికి పెద్ద బి.డి.ఓ., ఆయన కింద మహిళా కార్యక్రమాలు చూసే ముఖ్యసేవిక, ఆమె కింద నాలాంటి గ్రామసేవికలు. మహిళా మండలులను సమావేశపరచడం, పౌష్టికాహారం వండి చూపించడం మా పని. దీన్ని ప్రదర్శన అనేవాళ్లం. ఒక కిరసనాయిలు స్టవ్, రెండు గిన్నెలు, కొలత గ్లాసు ఒక రేకు పెట్టెలో పెట్టుకుని వీధి వీధికీ తిరిగేదాన్ని.

మాది ఆదోని. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగిలేది కాదు. వారానికోసారి ఇంటికి వెళ్లినప్పుడు గ్రంథాలయంలో పుస్తకాలు తెచ్చుకుని చదవడం, రాత్రి డైరీ రాసుకోవడం తప్ప వేరే వ్యాపకం లేదు. ప్రదర్శనలో వంట చేతులతో చేసి చూపించేదాన్ని, మాటలు వీలైనంత తగ్గించేదాన్ని. ముఖ్యసేవిక ఆ విషయం నా తనిఖీ నివేదికలో రాశారు కూడా.

నేత వీధిలో ఒక ప్రదర్శన అయ్యాక ఈరమ్మ అనే ఆమె అందరూ పోయేదాకా ఆగింది. ఆమె భర్త నాగప్ప గుంట మగ్గం నేసేవాడు. ఆ మగ్గానికి గుంటలో కాళ్లు దించి కూర్చుని, కింద చెక్కలను పాదాలతో తొక్కాలి. నాగప్పకు చక్కెర జబ్బు. కుడి కాలి వేలికి అయిన పుండు మానడం లేదు. చక్కెర తగ్గకపోతే పాదం తీసేయవలసి రావచ్చని సర్కారు ఆసుపత్రి డాక్టరు చెప్పారు. అన్నం, పిండివంటలు, బెల్లం మానమన్నారు. ఈ సంగతి ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

"వచ్చే వారం హొళగుంద నుంచి బీగులు వస్తాండారు సేవికమ్మా," అంది ఈరమ్మ. బీగులంటే వియ్యాలవారు. కొడుకు సంబంధం ఖాయం చేసుకునే భోజనం అది. "శావిగలు పెట్టల్ల. ఇంటి పెద్ద తినకుంటే సంబంధం వద్దన్నట్టే. ఈయప్ప తింటానంటాడు. తింటే కాలు పోతాది. తినకుంటే సంబంధం పోతాది. నాకు దిక్కు తోచడంలే."

వాళ్ల ఇళ్లలో శావిగలంటే బియ్యప్పిండి ఉడికించి, ఒత్తి, ఆవిరి పట్టిన సన్నని పోగులు. వాటి మీద చిక్కటి బుడ్డల పాలు పోస్తారు. మా వైపు వేరుశెనగలను బుడ్డలంటారు. బెల్లం పొడి ఎవరికి కావలసినంత వాళ్లు చల్లుకుంటారు.

పాలకు అభ్యంతరం లేదు, పోగులే మార్చాలి. నా గదిలో మూడు నాలుగు కూరగాయలతో ప్రయత్నించాను. బీరకాయ నలిగిపోయింది. గుమ్మడికాయ తియ్యగా ఉంది, రంగు చూస్తేనే తెలిసిపోతుంది. లేత సొరకాయ నిలిచింది. శావిగలు నొక్కే ఒత్తులో వేస్తే ముద్దయింది కాబట్టి ఒత్తు పక్కన పెట్టాను. చెక్కు తీసి, గింజల భాగం వదిలేసి, నిలువునా పల్చని రేకులుగా కోసి, ఆ రేకులను మళ్లీ పోగులుగా తరగాలి. ఉప్పు చల్లి కాసేపు ఉంచి నీళ్లు పిండేయాలి. గుడ్డ కట్టిన గిన్నె మీద కొద్దిసేపే ఆవిరి పట్టాలి. ఎక్కువైతే చతికిలపడతాయి. నానబెట్టిన బుడ్డలను పొట్టు తీసి మెత్తగా రుబ్బి, వడకట్టి, సన్నని సెగ మీద అడుగంటకుండా కలుపుతూ కాస్తే పాలు మీగడలా చిక్కబడతాయి. చివర యాలకుల పొడి.

ఇంటిల్లిపాదికీ ఇదే పెట్టమని ఈరమ్మకు చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "బీగులకు సొరకాయ పెట్టినామంటే వీధంతా నవ్వుతారు తల్లీ. ఆయప్ప ఒక్కడికి నువ్వు సెయ్యి, మిగతావాళ్లకు నేను ఒత్తుతా. పాలు పోస్తే ఎవురికి తెలుస్తాది?" అంది. నిజంగానే తెలియదు. నేనే పోల్చుకోలేకపోయాను.

ఆ రోజు దీపాలు పెట్టేవేళకు బీగులు వచ్చారు. పెళ్లికూతురికి తండ్రి లేడు. ఆ ఇంటికి ఆమె అవ్వే పెద్ద. నేను వంటింట్లో ఉండిపోయాను. నాగప్పకూ అవ్వకూ ఎదురెదురుగా పళ్లేలు పెట్టారు. ఎమ్మిగనూరులో పెద్దలిద్దరూ మొదటి ముద్ద నడుమ ఉన్న పెద్ద గిన్నెలోంచి ఒకరికొకరు పెట్టుకుంటారు. అందుకని ఆ గిన్నెలో అవ్వ తీసి నాగప్పకు పెట్టే వైపు పైన సొరకాయ పోగులే పేర్చాం. హొళగుంద వైపు మొదటి ముద్ద ఎదుటివారి పళ్లెంలోంచే తీసుకుంటారని మాకెవరికీ తెలియదు.

అవ్వ చెయ్యి చాపి నాగప్ప పళ్లెంలోంచి ముద్ద తీసుకుంది. నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది.

"ఏమప్పా నాగప్పా, ఇది శావిగె కాదు కదా. ముసలిదానికి నాలిక సచ్చిందనుకున్యావా?"

ఈరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సొరకాయ అవ్వా," అన్నాడు నాగప్ప. "నాకు చక్కెర ఉండాది. శావిగలు తినగూడదు."

"మరి కాలెందుకు పంచ కింద దాసినావు? వచ్చినప్పట్నుంచీ సూస్తాండా."

నాగప్ప పంచ పైకి తీశాడు. కట్టు విప్పమంది అవ్వ. విప్పాడు. ఆమె దీపం దగ్గరికి జరిపించుకుని చూసింది.

"ఈ కాలితో గుంటలో ఎట్ల దిగుతాండావు?"

"ఎడమ కాలితో తొక్కుతాండా."

"దీన్ని దాసిపెట్టి మా పిల్లను అడిగినారా?"

నాగప్ప తల దించుకోలేదు. "అడిగినాం అవ్వా. సెప్పింటే నువ్వు ఇంతదూరం వచ్చిందువా?" అన్నాడు.

అవ్వ పక్కనున్న మనుమడు లేవబోతే ఆమె కూర్చోమని సైగ చేసింది. తర్వాత వంటింటి వైపు తిరిగింది.

"ఇది ఎవురు సేసినారు? ఈడికి రమ్మను. రేపు మా పిల్ల ఈ ఇంట్లో వండల్లంటే ఎట్ల సేసేదో తెలియొద్దా?"

నేను గడప దగ్గరికి వచ్చాను. అంతమంది మగవాళ్ల ముందు అంతకు ముందెప్పుడూ నోరు విప్పలేదు. అవ్వ ఒక్కదాన్నే చూస్తూ సొరకాయ ఎంపిక దగ్గర నుంచి యాలకుల దాకా చెప్పాను. నీళ్లు ఎందుకు పిండాలో ఆమె రెండుసార్లు అడిగింది. విన్నాక తన పళ్లెంలో శావిగలను పక్కనున్నవాళ్లకు తోసేసింది.

"నాకూ అదే పెట్టు. పాలు బాగా కుదిరినాయి గానీ ఉప్పు తక్కువైనాది తల్లీ. సదువుకున్నోళ్ల సెయ్యి ఉప్పుకు జంకుతాది."

ముందు నాగప్ప నవ్వాడు. ఆ తర్వాతే మిగతావాళ్లు పళ్లెంలో చెయ్యి పెట్టారు.

పెళ్లి జరిగింది. నాగప్పకు ఆ వేలు కర్నూలు పెద్దాసుపత్రిలో తీసేశారు. పాదం మిగిలింది. కొన్నాళ్లకు రెండు కాళ్లూ గుంటలోకి దించాడు. నేను ఆ వీధికి వెళ్లినప్పుడు వాళ్ల కోడలు ఇంట్లో అందరికీ ఆ పోగులే వడ్డించడం చూశాను. వీధిలో మొదట నవ్వారట, తర్వాత ఎలా చేయాలని అడిగారట.

మా శిక్షణలో రోగి ఆహారం వేరు, ఇంటివాళ్ల ఆహారం వేరు అని నేర్పారు. పోషకాల లెక్కకు అది సరే. మనుషులు మాత్రం వేరే పళ్లెంలో ఎక్కువ రోజులు తినరు. కొందరు వద్దన్నవి దాచుకుని తింటారు, కొందరు పథ్యమే మానేస్తారు. నేను తర్వాత ముఖ్యసేవికనై, నా కింద గ్రామసేవికలకు పని నేర్పినప్పుడు ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పాను. ఆ భోజనం వరకు రోగులను ఏం తింటున్నారని అడిగేదాన్ని. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నంత కాలం, ఎవరితో కూర్చుని తింటున్నారని ముందు అడిగాను.