రెండు వందల నలభై గ్రాముల పట్టుదల

ఆ రోజుల్లో మనిషి గట్టిగా అనుకుంటే కానిదేదీ లేదని నేను మనసారా నమ్మేదాన్ని. ఇప్పుడూ నమ్ముతాను గానీ, అనుకునే ముందు కాలివేళ్ళను కూడా ఒక మాట అడగాలని మధ్యలో తెలిసొచ్చింది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మాది సిరిసిల్ల. నేను బాపు అని పిలిచే మా నాన్న సాంచాల మీద (మరమగ్గాలను మా ఊళ్ళో అలాగే అంటారు) గుడ్డ నేసేవాడు. నేను కోరుట్లలో ఒక ప్రైవేటు బళ్ళో ఆటల టీచర్ని. వారమంతా మేనత్త ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి సిరిసిల్ల చేరేదాన్ని. పేరుకు ఆటల టీచరునే గానీ నా చేతిలో ఆటలు తక్కువ. మా హెడ్మాస్టరు లెక్కల మనిషి. (పిల్లలు ఆయన్ని చాటుగా ‘గుణకారం సారు’ అనేవారు, నేను మనసులో అనుకునేదాన్ని.) అబ్బాయిల ఆటల పీరియడు జోలికి పోయేవాడు కాదు. అమ్మాయిల పీరియడు మాత్రం వారం వారం లెక్కలకు మళ్ళిపోయేది.

ఒకరోజు స్టాఫ్‌రూములో అందరి ముందూ అడిగేశాను. “సార్, ఆడపిల్లల పీరియడు మాకియ్యుండ్రి” అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ఉరికి ఏం జేస్తరు మేడం వాళ్ళు? గా టైముల నాలుగు లెక్కలు చేస్తె మార్కులన్న వస్తయి” అన్నాడు. నా బల్ల మీద అప్పుడే వచ్చిన కరపత్రం ఒకటి ఉంది. వీర్నపల్లి వైపు గుట్టల్లో ఒక యువజన సంఘం పెట్టిన పరుగు గురించి. పన్నెండు కిలోమీటర్లు, రాళ్ళు, వాగు, పొదల మధ్య కాలిబాట, మూడు గంటల గడువు. ఆడపిల్లల్ని తయారుచేసి వచ్చే ఏడు ఇలాంటి దానికి తీసుకుపోతానని చెప్పి ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని లెక్కల పేపరు దిద్దినట్టు పై నుంచి కింద దాకా చదివాడు. “అచ్చే ఏడు ఎందుకు? ఈ ఏడు మీరే ఉరుకుండ్రి. మూడు గంటల్ల అస్తె పీరియడు మీది. రాకుంటె లెక్కలది.” తోటి టీచర్లంతా నావైపు చూశారు. “సరే సార్” అన్నాను. ఆ రెండు మాటలు నిలబెట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది.

కాలేజీలో మైదానం మీద పరుగెత్తి రెండు మూడు కప్పులు తెచ్చినదాన్ని, గుట్ట మాత్రం ఎంతలే అనుకున్నాను. మరుసటి ఉదయం మేడిపల్లి దాటాక రోడ్డు పక్కనున్న చిన్న గుట్టకు నా పాత బూట్లతో వెళ్ళాను. ఎక్కడం బాగానే ఎక్కాను. దిగేటప్పుడు మాత్రం సగం దూరం కాళ్ళ మీద, మిగతా సగం కూర్చుని దిగాను. (కూర్చుని దిగడం నా నిర్ణయం కాదు.) అరిగిపోయిన నున్నటి సోలు గులకరాళ్ళ మీద సబ్బుముక్కలా జారింది. కింద మేకల్ని మేపుకుంటున్న ముసలమ్మ ఒకామె అంతా చూసింది.

“ఏమన్న పోగొట్టుకున్నవా బిడ్డా?” అంది.

“లేదవ్వా. ఉరుకుడు నేర్చుకుంటున్న.”

ఆమె నా వెనక గుట్టంతా ఒకసారి పరికించి చూసి, “ఎవలు తరుముతుండ్రు మరి?” అని అడిగింది. గుణకారం సారు అని చెప్పలేక దుమ్ము దులుపుకుని బస్సెక్కాను.

ఆ సాయంత్రం నుంచి ఫోన్లో గుట్ట పరుగు బూట్ల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అడుగున రాళ్ళను పట్టుకునే పళ్ళుండాలి. వేళ్ళ ముందు గట్టి కాపు ఉండాలి. మడమ కదలకూడదు. నీళ్ళలో దిగితే తొందరగా ఆరాలి. ఇవన్నీ చెప్పాక ప్రతి వీడియోలోనూ చివర ఒక మాట చెప్పేవారు: బరువు తక్కువ ఉండాలి. ఆ చివరి మాట నా బుర్రలో మేకులా దిగబడింది. కాలికి వంద గ్రాములు తగ్గితే పన్నెండు కిలోమీటర్లలో ఎన్ని అడుగులకు ఎంత బరువు తప్పుతుందో నోటుబుక్కులో గుణించి చూశాను. (అవును, గుణించే చూశాను.) రెండు వందల యాభై గ్రాములు దాటితే కాలికి తొడగనని ఒట్టు పెట్టుకున్నాను.

దుబాయిలో ఉన్న బాపు తమ్ముడికి, అంటే మా చిన్నబాపుకు, ఈ సంగతి తెలిసి ఫోన్ చేశాడు. “రాళ్ళల్ల ఉరుకుడంటె మాటలా బిడ్డా? నువ్వు పరేషాన్ కాకు, నేను పంపుత” అన్నాడు. కథలాపూర్‌కు సెలవు మీద వచ్చిన ఆయన స్నేహితుడి చేతికి పార్సిల్ ఇచ్చి పంపాడు. నేను బస్సులో వెళ్ళి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. తెచ్చుకునేటప్పుడే తొడలు తిమ్మిరెక్కితే అనుమానం రావలసింది. విప్పితే ఇనుప ముక్కుల సేఫ్టీ బూట్లు, సైటు మీద వేసుకునేవి. సాంచాల షెడ్డులో నూలు తూచే చిన్న కరెంటు కాంటా మీద పెడితే ఒక్కొక్కటీ కిలోకు దగ్గరగా తూగింది. ఆ రాత్రి చిన్నబాపు ఎంతో ఆశగా అడిగాడు: “ఎట్లున్నయి? మీద బండ పడ్డా వేలుకేం కాదు.” “మస్తున్నయి చిన్నబాపు” అన్నాను. అబద్ధం కాదు. బండ పడితే నిజంగానే ఏమీ కాదు. పరుగెత్తడమే కుదరదు.

తరువాతి ఆదివారం ఆ కాంటానే సంచిలో పెట్టుకుని జగిత్యాల వెళ్ళాను. బూట్ల దుకాణం ఆయన ఆప్యాయంగా కూర్చోబెట్టి ఏం కావాలని అడిగాడు. “లైట్ ఉన్న బూట్లు కావాలె. రాళ్ళ మీద ఉరకడానికి” అన్నాను. ఆయన ఏమాత్రం తడుముకోకుండా లోపలికి వెళ్ళి ఒక జోడు తెచ్చి, మడమను కౌంటరు మీద టక్కున కొట్టాడు. అందులోంచి ఎర్రగా, నీలంగా, పచ్చగా దీపాలు వెలిగాయి. “చార్జింగు సుత పెట్టుకోవచ్చు మేడం” అన్నాడు గర్వంగా. అట్లాంటి లైట్ కాదు, బరువు తక్కువ ఉండాలి అని వివరించి, సంచిలోంచి కాంటా తీసి కౌంటరు మీద పెట్టాను. ఆయన మొహం మారిపోయింది. నన్నూ, కాంటానూ, నా చేతిలోని నోటుబుక్కునూ చూసి గొంతు తగ్గించి, “మీరు ఏ డిపార్టుమెంటు మేడం?” అన్నాడు. బదులు చెప్పేలోగా చాయ్ కూడా చెప్పాడు. నేను తనిఖీకి రాలేదని నమ్మించడానికి ఆ చాయ్ పూర్తయ్యేంత సేపు పట్టింది.

ఆ తర్వాత ఆయన్ను నేను పెట్టిన తిప్పలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ప్రతి జోడూ తూచాను. మధ్యకు వంచి చూశాను, గుడ్డ పిండినట్టు మెలితిప్పి చూశాను. దుకాణం ముందరి బండమెట్టు మీద చెంబెడు నీళ్ళు పోయించి, దాని మీద నిలబడి జారతానో లేదో చూసుకున్నాను. చివరికి మిగిలింది ఒకే రకం. చిలకపచ్చ రంగు, అడుగున కోడి గోళ్ళలాంటి పళ్ళు. ఏడో నంబరు బూటు రెండు వందల నలభై గ్రాములు, ఎనిమిదో నంబరుది రెండు వందల అరవై ఎనిమిది. ఏడు వేసుకుంటే వేలు ముందుకు ఆనుతోంది.

“ఎనిమిది తీసుకోండ్రి మేడం, ఏడు తాకుతున్నది” అన్నాడాయన.

“ఎనిమిదైతె ఇరవై ఎనిమిది గ్రాములు ఎక్కువున్నది.”

“గింత గ్రాములు ఏమైతయి మేడం? వేలు పోతె మల్ల రాదు.”

నేను ఒట్టు పెట్టుకున్నదాన్ని. ఏడే తీసుకున్నాను.

మూడు వారాలు మేడిపల్లి గుట్ట మీద ఆ బూట్లతో దిగాను. ఒక్కసారి కూడా జారలేదు. కానీ దిగిన ప్రతిసారీ వేళ్ళు ముందుకు వచ్చి గోడకు తలబాదుకున్నట్టు బాదుకునేవి. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ మొదట ఎర్రబడి, తర్వాత నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఓర్చుకోవడమే పట్టుదల అనుకున్నాను. ఆ శనివారం ఇంట్లో సాక్సులు విప్పకుండా తిరుగుతుంటే బాపు కనిపెట్టాడు. అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపి, “సాక్సులు తియ్యి” అన్నాడు. తీశాను. చెయ్యి కడుక్కొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“బూట్లు ఎప్పుడు కొలిచినవు?”

“పొద్దుగాల పదింటికి.”

“గదే తప్పు. పొద్దుగాల కాలు వేరె, మాపటికి కాలు వేరె. పన్నెండు గంటలు సాంచాల నడుమ నిలవడ్డోన్ని, నాకు తెల్వదా? మాపటికి ఉబ్బి చెప్పుల పట్టీలు కరుస్తయి. గుట్ట దిగినప్పుడు సుత గంతే.” ఆ గోళ్ళ వైపు చూపిస్తూ అన్నాడు, “ఇన్ని తూచినవు గని, కాలును అడిగినవా?”

మరునాడు బాపు పని మానుకుని నాతో జగిత్యాల వచ్చాడు. కావాలనే ఊరంతా నడిపించి సాయంత్రం ఐదింటికి దుకాణానికి తీసుకుపోయాడు. నన్ను చూడగానే దుకాణం ఆయన ముందుజాగ్రత్తగా చెంబులో నీళ్ళు పట్టించబోయాడు. బాపు వద్దన్నాడు. ఎనిమిదో నంబరు తొడిగించి, మడమ వెనక్కి నెట్టి లేసులు తనే కట్టాడు. దుకాణం నిండా జనం. హవాయి చెప్పులతో వచ్చిన బాపు, అరిగిన వేళ్ళతో నా బూటు ముందర నొక్కి చూస్తూ నేల మీద గొంతుక్కూర్చున్నాడు. లేవమని నేను చెయ్యి పట్టి లాగితే, “ఆగు. వేలు ముంగట నా బొటనవేలంత జాగ ఉండాలె” అన్నాడు. తర్వాత నన్ను బయట బండ్లు ఎక్కించే వాలు మీద నుంచి జోరుగా దిగి టక్కున ఆగమన్నాడు. ఆరుసార్లు దిగాను. వేలు ఎక్కడా తాకలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు నిలబడి చూశారు. ఇద్దరం పట్టించుకోలేదు. ఆ జోడు బాపు కొనిచ్చాడు. ఏడో నంబరు జోడు అమ్మకు సరిగ్గా సరిపోయింది. చీర మీద చిలకపచ్చ బూట్లతో కూరగాయల బజారుకు పోయొచ్చి, “మెత్తగున్నయే” అని, చాలా రోజులు వాటినే వేసుకుంది.

పరుగు రోజు గుణకారం సారు నిజంగానే వచ్చాడు, చేతిగడియారాన్ని చేతిలో పట్టుకుని. బాపు ఒక పక్కగా నిలబడ్డాడు. మొదటి రెండు గుట్టలూ ఊపిరి తీసేశాయి. వాగు దాటాక బూట్లు బరువెక్కి, కాసేపట్లోనే ఆరి తేలికపడ్డాయి. చివరి దిగుడు చూసి మాత్రం ఒక్క క్షణం ఆగిపోయాను. నిటారుగా, వదులు రాళ్ళతో. నా ముందు పోతున్న ఇద్దరు బలమైన మగవాళ్ళు కూర్చుని దిగుతున్నారు. (ఆ పద్ధతి నాకు బాగా తెలుసు.) నేను నిలబడే దిగాను. అడుగు చిన్నదిగా వేస్తూ, ప్రతి రాయినీ బూట్ల పళ్ళతో కరిపించి చూసుకుంటూ, భయపడుతూనే దిగాను. ఒక్కసారి కూడా వేలు మొత్తుకోలేదు. కింద చదునైన నేల కనిపించగానే సంతోషం పట్టలేక ఉరికాను. గీతకు పది అడుగుల దూరంలో, అతిథుల కోసం పరిచిన తివాచీ అంచు తట్టుకుని సాగిలపడ్డాను. పన్నెండు కిలోమీటర్ల రాళ్ళు చేయలేని పని అరంగుళం తివాచీ చేసింది. లేచి, కుంటుకుంటూ గీత దాటాను.

సారు గడియారం చూశాడు. మళ్ళీ చూశాడు. “రెండు గంటల యాభై ఆరు నిమిషాలు” అని, గడియారాన్ని చేతికి పెట్టుకుంటూ, “బుధవారం నాలుగో పీరియడు మీది మేడం. నేను సుత ఒకసారి వచ్చి చూస్త” అన్నాడు. బాపు దగ్గరికొచ్చి ఒక్కటే అడిగాడు: “వేళ్ళు ఎట్లున్నయి?” మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయి రక్తం కారుతున్నా, “మంచిగున్నయి బాపు” అన్నాను. వేళ్ళు నిజంగానే బాగున్నాయి.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు నేను గుట్ట దిగితే మా బడి ఆడపిల్లలు ముందుపోయి నాకోసం ఆగుతారు. “మెల్లగ రండ్రి మేడం” అని నాకే చెబుతారు. మెల్లగానే వస్తాను. వస్తూ వస్తూ అప్పుడప్పుడు ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల వెనక నుంచి దూసుకొస్తున్నట్టు అనిపిస్తుంది. పళ్ళు బిగించి, ఎవరి మాటా వినకుండా, తనకు అన్నీ తెలుసని గట్టిగా నమ్మి. ఆపి ఒక మాట చెబుదామనుకుంటాను. చెబితే వినే రకం కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? పక్కకు జరిగి దారిస్తాను. ఆ పోవడం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.