పెత్తరమాస బియ్యం

భూపాలపల్లి నుంచి మా పుట్టింటికి, తరిగొప్పులకు పోవాలంటే ఒక పూటంతా బస్సులకే సరిపోతుంది. హన్మకొండలో ఒకటి మారాలి, జనగామలో ఇంకొకటి. పండుగ రద్దీలో సీటన్న మాటే లేదు. సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని, పై కడ్డీ పట్టుకుని, ఈ ఏడాది పోకపోతే ఏమైతదని ప్రతి ఏడాదీ అనుకుంటాను. మళ్లీ ప్రతి ఏడాదీ పోతాను.

మా ఇల్లు చెల్పూరు దగ్గర. మా ఆయనకు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. మా తమ్ముడిని తీసుకుపోయింది కరెంటే, నాకు అన్నం పెడుతున్నదీ కరెంటే. ఏం చేస్తాం, తింటున్నాను.

పెత్తరమాస అంటే పెద్దల అమాస. ఆ సాయంత్రం ఆడబిడ్డలందరూ బతుకమ్మ ఆడడానికి పుట్టింటికి వస్తారు. నేను నన్ను కన్న అవ్వతో కొట్లాడడానికి పోయేదాన్ని. ఆ పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తారు కదా. చాటలో బియ్యం, పప్పు, చింతపండు, ఇంత కూరగాయ పెట్టి, చనిపోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి ఇస్తే, అది వాళ్లకు ముడుతుందని నమ్మకం. నాయిన తన తండ్రి పేరు చెప్పేవాడు, తాత పేరు చెప్పేవాడు. తమ్ముడి పేరు మాత్రం అవ్వ చెప్పనిచ్చేది కాదు.

"ఇయ్యవే అవ్వా, వాడు ఉపాసముంటడు" అని ఎన్నిసార్లు బతిమాలానో.

"వాడు చిన్నోడు. పెద్దలల్ల ఎట్ల కలుపుత?" అదొక్కటే జవాబు. మా చిన్నమ్మ ఒకసారి వాకిట్లో నిలబడి, "పిలగానికి ముద్ద ముట్టకనే మీ ఇల్లు గిట్లున్నది" అన్నది. ఆమె నోట్లో మన్నుపొయ్య, ఆ మాట నా కడుపులో అట్లనే ఉండిపోయింది. ఇవన్నీ నేను నమ్ముతానా అంటే చెప్పలేను. కానీ వాడు ఆకలికి ఒక్క నిమిషం ఆగేవాడు కాదు.

వాడు నాయిన పొత్తుల తినేవాడు. ఒకే కంచంలో ఇటు నాయిన, అటు వాడు. మా ఇంట్లో వాడికంటూ వేరే కంచం లేనే లేదు. ఇంటర్‌కు వచ్చాక కూడా అంతే. "మీసాలొచ్చినయి, ఇంకా పొత్తేందిరా, సిగ్గులేదా?" అని నేను ఏడిపిస్తే, నాయిన కలిపిన ముద్దను కావాలని లాక్కుని తినేవాడు. నాయిన నవ్వేవాడు. చుట్టాలింట్లో వాడికి వేరే విస్తరి వేస్తే అన్నం కెలుకుతూ కూర్చునేవాడు. ఇంటికొచ్చి మళ్లీ తినేవాడు.

ఒకరోజు వాన వెలిశాక మోటారు వేసివస్తానని పోయాడు. స్టార్టరు డబ్బా తడిసి ఉంది. చేను నుంచి దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ఆ తర్వాత నాయిన కంచంలో తన వైపే తినేవాడు. అవతలి సగం ముట్టేవాడు కాదు. అవ్వ ఆ అన్నం తీసి కోళ్లకు వేసేది. మళ్లీ పూటకు మళ్లీ కంచం నిండా పెట్టేది. నేను అది చూడలేకనే తొందరగా చెల్పూరు బస్సెక్కేదాన్ని.

తర్వాత నాయిన కూడా పోయాడు. సంవత్సరీకం అయింది. ఈ పెత్తరమాసకు నాయిన పేరు చెప్పాల్సింది నేనే. కొట్లాడే ఓపిక కూడా లేదు నాకు. ఈసారి అవ్వను అడగకుండానే తమ్ముడి పేరు కూడా చెప్పేద్దామని మనసులో గట్టిగా అనుకుని బయలుదేరాను.

గుడి అరుగు మీద అయ్యగారి ముందు మా వంతు వచ్చింది. తాతల పేర్లు చెప్పి వాళ్ల చాటలు ఇచ్చాం, తర్వాత నాయిన పేరు చెప్పాను. నాయినకని అవ్వ ఎత్తిపెట్టిన చాట చూసి అయ్యగారు ఆగాడు. అందరి చాటలకు రెండింతలుంది.

"ఒక్క మనిషికి గింత బియ్యమేందమ్మా? ఇంకెవరన్న ఉన్నరా?"

నేను నోరు తెరిచాను. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒక్కడే, అయ్యగారు. ఆయన ఒక్కడు కూసోని ఎన్నడు తినలే."

అయ్యగారు చాట అందుకున్నాడు. వచ్చేటప్పుడు దారిలో నేనే అడిగాను, "మరి ఇన్నేండ్లు ఎందుకియ్యకపోతివే?"

"ఎవని పొత్తుల పెట్టాలె బిడ్డా? వాడు పుట్టకముందే మీ తాత పాయె. ఎరుగని మంది కంచంల చెయ్యి పెట్టెటోడా వాడు?" కొంగుతో మొఖం తుడుచుకుంది. "ఇప్పుడు మీ నాయిన పోయిండు గద."

ఆ మాట అంటున్నప్పుడు అవ్వ మొఖంలో ఎంత నిమ్మళమో. నాయిన పోయిననాడు కూడా అంత ఏడవలేదు నేను. దారిలోనే కూర్చుండిపోయాను.

"లే బిడ్డా, బతుకమ్మకు పూలు తేవాలె," అన్నది అవ్వ.